కాలవకు అడ్డంగా కూర్చున్నామె

సరోజ చిన్నమ్మ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించిందనీ, ఆ దిద్దుడే పెరిగి పుస్తకాలైందనీ మా బంధువులు చెప్పుకుంటారు. అది అబద్ధం. పోయిన నెల గుడియాత్తంలో ఆమె కర్మాంతరాల రోజున, భోజనాల వరసలో కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా మా మేనమామ ఆ మాటే మళ్ళీ చెప్పాడు. నేను అన్నం కలుపుతున్న చేతిని ఆపి, "ఆమె నాకి ఒక్క అక్షరం నేర్పలేదు మామా. నేర్పమని అడిగితే నేర్పనని చెప్పింది" అన్నాను. వడ్డిస్తున్నామె గరిటె గాలిలో ఆగింది. "పోయిన మనిషి మింద ఇప్పుడేమిటికి పాపా ఈ పంచాయతీ" అన్నాడు మామ. పంచాయతీ కాదు, నిజం. గొప్పగా చెప్పుకోవడానికి ఆమెలో సంగతులు వేరే ఉన్నాయి. లేనిదాన్ని తెచ్చి ఆమెకు అంటగట్టనక్కర్లేదు.

ఇంకో కథ వేలూరులో నడుస్తూ ఉంటుంది. నా పుస్తకం వచ్చినప్పుడల్లా వేదిక మీద ఎవరో ఒకరు లేచి, తమిళ నేల మీద పుట్టి, తమిళ బడిలో చదివి, మాతృభాష మీది మమకారం చంపుకోలేక ఈమె తెలుగు నేర్చుకున్నారు అని మొదలుపెడతారు. పక్కనే కూర్చుని శాలువా సర్దుకోవడం తప్ప నాకు దారి ఉండదు. మమకారం లేదు, పాడూ లేదు. పంతొమ్మిదేళ్ళ వయసులో నాకు కోపం వచ్చింది. ఆ కోపంతో నేర్చుకున్నాను. మనిషి చేత పని చేయించడంలో మమకారం కంటే కోపమే నమ్మకమైనదని నా అనుభవం. అయితే ఇవాళ ఇది రాయడానికి కూర్చున్నది ఈ రెండు కథల్నీ సరిదిద్దడానికే కాదు. కర్మాంతరాలు ముగిశాక చిన్నమ్మ కూతురు ఇందిర, పాత ట్రంకుపెట్టె అడుగున దొరికిందని ఒక నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. అది నాదే. ముప్పై ఏళ్ళకు పైగా అది పొయ్యిలో కాలిపోయిందనే అనుకుంటూ వచ్చాను. కాలిపోయిందని చెప్పింది చిన్నమ్మే.

మా ఇల్లు గుడియాత్తం ఊరి చివర, ఏటి గట్టుకు దగ్గర. ఏరంటే ఇసకే, నీళ్ళు చూసిన రోజులు తక్కువ. తాత, అవ్వ, మా నాయన, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, పిల్లలం, అందరం ఒకే పొయ్యి మీది వంటతో బతికేవాళ్ళం. ఎన్ని తరాల కింద వచ్చి ఇక్కడ సేద్యం పెట్టుకున్నామో తాతకు కూడా తెలియదు. నోట్లో తెలుగు, చేతిలో తమిళం. తాత పొద్దున్నే తమిళ పేపరు గట్టిగా చదివి, అందులో ఉన్నవాళ్ళందరినీ తెలుగులో తిట్టేవాడు. అమ్మ తిరుపత్తూరులో ఉన్న తన అక్కకు ఉత్తరాలు రాసేది. మాటలు తెలుగువి, అక్షరాలు తమిళానివి. అక్కడ పెద్దమ్మ అవి గడగడా చదువుకుని, అలాగే జవాబు రాసేది. ఇందులో వింత ఉందని మాకెవరికీ తోచలేదు. చెంబు ఏదైతేనేం, నీళ్ళు మనవే కదా అన్నట్టు ఉండేది.

ఆ ఇంట్లో తెలుగు చదవడం వచ్చిన మనిషి ఒక్క చిన్నమ్మే. పలమనేరు వైపునుంచి కోడలిగా వచ్చింది. పదో తరగతి దాకా తెలుగు బడిలో చదివింది. ఇక్కడికి వచ్చాక రేషన్ అంగడి పలకలు, బస్సుల బోర్డులు చూసి తమిళ అక్షరాలు కూడా తనంతట తానే కూడబలుక్కుంది. సన్నంగా, నిటారుగా, గోడకు ఆనించిన చీపురులా ఎక్కడ నిలబడితే అక్కడ కనబడకుండా ఉండేది. గొంతు ఎత్తదు. ఎవరైనా గదిలోకి వస్తుంటే తలుపు పక్కకు తప్పుకుని, వాళ్ళు వెళ్ళాక తను కదిలేది. ఆమె పద్ధతుల్లో ఒకటి మాత్రం నాకు చిన్నప్పుడే వింతగా ఉండేది. పొలానికి సంగటి గంప తెచ్చినప్పుడు ఆమె ఎప్పుడూ కాలవ దాటేది కాదు. గట్టు మీదే నిలబడి గంప అందించి, అక్కడినుంచే వెనక్కు వెళ్ళిపోయేది. పాములంటే భయం కాబోలు అనుకునేదాన్ని.

మా ఇంట్లో ఆమె గొంతు గట్టిగా వినబడేది ఒకే చోట, చెనిక్కాయలు ఒలిచేటప్పుడు. విత్తనానికి ఉంచిన కాయల్ని మిషన్లో వేస్తే పప్పు చీలిపోతుంది, మొలక రాదు. అందుకని వానలకు ముందు, ఎండలు మండే మధ్యాహ్నాల్లో, ఆడవాళ్ళందరూ నడవలో కూర్చుని చేతులతో ఒలిచేవాళ్ళు. పొట్టు మెత్తబడేందుకు కాయల మీద నీళ్ళు చిలకరించేవాళ్ళు. ఆ తడిసిన పొట్టు వాసన, అవ్వ నమిలే ఆకు వక్క వాసన, పెరట్లో బర్రె వాసన కలిసి నడవంతా నిండేది. రెండో రోజుకు బొటనవేలి గోరు పక్కన చర్మం చీలి, ఉప్పు తగిలితే ప్రాణం పోయేది. ఒక్క పప్పు నోట్లో వేసుకుంటే అవ్వ చూసే చూపుకు అది గొంతులోనే నిలబడిపోయేది. ఎవరి చాట వాళ్ళది. చిన్నమ్మ చాట మాత్రం ఖాళీగా ఆమె ముందు ఉండేది, ఎందుకంటే ఆమె చేతిలో తెలుగు వారపత్రిక ఉండేది. ఆమె చదివితే మిగతావాళ్ళు వింటూ ఒలిచి, మధ్యమధ్యలో తలా ఒక పిడికెడు పప్పు ఆమె చాటలో వేసేవాళ్ళు. సాయంత్రం అవ్వ అందరి చాటలూ చూసేటప్పుడు చిన్నమ్మ చాట కూడా నిండి ఉండేది. అవ్వ పెట్టిన ఏర్పాటు అది, ఎవరూ కాదనడానికి లేదు.

చిన్నమ్మ నటించి చదివేది కాదు. ఏడుపు వచ్చినా పోట్లాట వచ్చినా ఒకే గొంతు, నీళ్ళు పారినట్టు. ఎక్కడ ఆపాలో మాత్రం ఆమెకు బాగా తెలుసు. సీరియల్ చివర ఆమె పత్రిక మూసిందంటే కాయలు ఒలుస్తున్న చేతులు కూడా ఆగిపోయేవి. "ఆ మొగోడు ఆయమ్మిని ఇడిచిపెట్టి యాడికి పొయినాడంట?" అని అవ్వ నిలదీసేది, చిన్నమ్మే వాణ్ణి తరిమేసినట్టు. నేను బడిలో చదివేటప్పుడే, నాకు కూడా ఆ అక్షరాలు నేర్పమని ఆమెను అడిగాను. "నేనుండాను కదా పాపా చదివేదానికి. నీకేమిటికి రెండో ఎళుత్తు?" అంది. అక్షరాన్ని మా ఇంట్లో తమిళంలోనే ఎళుత్తు అనేవాళ్ళం. రెండుసార్లు అడిగితే రెండుసార్లూ అదే జవాబు. అప్పుడే నాకు అర్థమైంది అనుకున్నాను: నేను నేర్చుకుంటే ఆమె చాట ఆమే నింపుకోవాలి. ఇంత చిన్న సంగతికి ఇంత పిసినారితనమా అనుకున్నాను.

తర్వాత నేను వేలూరులో డిగ్రీ చదవడానికి రోజూ బస్సులో వెళ్ళి వచ్చేదాన్ని. గంటకు పైగా ప్రయాణం. ఆ బస్సులోనే రాయడం మొదలుపెట్టాను. మా అమ్మ ఉత్తరాల పద్ధతిలోనే, తమిళ అక్షరాల్లో తెలుగు. మా ఇంట్లోవాళ్ళు మాట్లాడినట్టే రాశాను. వేరేగా రాయడం నాకు తెలియదు కాబట్టి. మొదటి కథకు విత్తనం ఎప్పుడో తొమ్మిదేళ్ళప్పుడు విన్న ఒక మాట. మా పొలంలో కలుపు తీస్తున్న ఒకామె, "మీ ఇంటి ఆడోళ్ళు కాలవలో కూచుంటే మోటారు నీళ్ళు కూడా నిలబడతాయి కదమ్మా" అని నవ్వబోయింది. పక్కనున్నామె ఆమె తొడ మీద గిల్లింది. ఇద్దరూ తలలు వంచుకున్నారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని నేను ఎంత గుచ్చినా చెప్పలేదు. నాకు ఎవరో చెప్పాల్సిన పని ఏముంది? అది అవ్వే అని నిశ్చయించుకున్నాను. తాత అన్నగారి వాళ్ళతో మాకు ఉమ్మడి బావి, నీళ్ళ వంతుల గొడవ ఉంది. ఊళ్ళో ఎవరితోనైనా తగువుకు నిలబడగల ఆడది అవ్వ ఒక్కతే. నాకు నోరు అవ్వనుంచే వచ్చిందని అందరూ అంటారు. అవ్వనే అడిగితే, ఆకు నములుతూ నా వైపు చూడకుండా, "ఎవురైతే ఏమి, రాసుకో పో" అంది. ఒప్పుకుంది అనుకున్నాను.

కథలో నా ముసలామె, తమ వంతు నీళ్ళు అవతలివాళ్ళు మళ్ళించుకున్న రోజున, కాలవ మొదట్లో అడ్డంగా కూర్చుంటుంది. ఎవరెంత తిట్టినా లేవదు. వాళ్ళు ఒకటంటే ఆమె పది అంటుంది. చివరి వాక్యం: ఆమె లేవలేదు. ఆ వాక్యం రాసినప్పుడు బస్సు పళ్ళికొండ దగ్గర ఆగి ఉంది. కిటికీలోంచి ప్రపంచమంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. నోటుపుస్తకం తెచ్చి చిన్నమ్మకు ఇచ్చి, దీన్ని తెలుగు అక్షరాల్లోకి ఎత్తి పత్రికకు పంపమన్నాను. ఆమె అక్కడే నిలబడి మొదటి పేజీ చదివింది. "ఈ ముసిలామె మీ అవ్వా?" అంది. అవునన్నాను. పుస్తకాన్ని కొంగు చాటున పెట్టుకుని లోపలికి వెళ్ళింది. పది రోజులు పట్టింది ఆమెకు. తనే పోస్టులో వేసింది.

కొన్ని నెలలకు పత్రిక వచ్చింది, అందులో నా కథ. నా పేరు ఎలా ఉంటుందో చిన్నమ్మ వేలు పెట్టి చూపించింది. నాకు అవి ముగ్గు చుక్కల్లా కనబడ్డాయి. ఆ మధ్యాహ్నం నడవలో ఆమె దాన్ని చదివింది. ప్రతి మాటా నేను రాసిందే. నా తిట్లు, నా వెక్కిరింపులు, నా చివరి వాక్యం. అమ్మ కళ్ళు తుడుచుకుంది. అవ్వ పడీపడీ నవ్వి, "బాగా కూచోబెట్టినావే ముసిలిదాన్ని" అని ఒక పిడికెడు పప్పు తీసి నా చాటలో వేసింది. మిగతా ఆడవాళ్ళూ వేశారు. చదివిన మనిషి చాటలో కాకుండా రాసిన మనిషి చాటలో పప్పు పడడం ఆ ఇంట్లో అదే మొదలు. ఇప్పటిదాకా నాకు వచ్చిన శాలువాలన్నీ కలిపినా ఆ చాట బరువుకు రావు.

మర్నాడు పత్రిక వేలూరుకు తీసుకెళ్ళాను. కాలేజీలో సుగుణ అని చిత్తూరు పిల్ల ఉండేది. హాస్టల్లో ఉండి చదివేది. తెలుగు చదవడం వచ్చిన స్నేహితురాలు నాకు ఆమె ఒక్కతే. మెట్ల కింద కూర్చుని, నా ముందు గట్టిగా చదవమన్నాను. ఆమె మొదటి వాక్యం చదివింది. అది నాది కాదు. రెండోదీ కాదు. తప్పు కథ తీసినావేమో చూడమన్నాను. "నీ పేరే ఉండాది రేణుకా" అని వేలు పెట్టి చూపించింది. నిన్న చిన్నమ్మ చూపించిన ముగ్గు చుక్కలే. సుగుణ చివరిదాకా చదివింది. ముసలామె లేదు. ఆమె చోట ఎవరో కోడలు ఉంది. తిట్లు లేవు. కోడలు ఒక్క మాట కూడా మాట్లాడదు. కాలవలో కూర్చుంటుంది. చివర అత్త గట్టు మీదికి వచ్చి, "పొయ్యి మింద అన్నం మాడతా ఉండాది, లెయ్" అంటుంది. ఆమె లేస్తుంది. అంతే. నా ఒళ్ళు మండిపోతుంటే సుగుణ వెనక్కు వెళ్ళి ఒక చోట మళ్ళీ చదివింది, తనకోసం, మెల్లగా. ఆ ఐదు వాక్యాలు నాకు కంఠతా వచ్చు:

"నీళ్ళు మొదట వీపును తోశాయి. తోసి తోసి, ఈమె కదలదని తెలిశాక, రెండుగా చీలి నడుముకు చెరోవైపూ పోయాయి. చీర బరువెక్కింది. కింద ఎండకు కాగిన మట్టి వెచ్చగా, పైన పారే నీళ్ళు చల్లగా, ఆ రెంటి మధ్య తన ఒళ్ళు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో ఆమెకు మొదటిసారి తెలిసింది. ఇంట్లో ఎవరికీ అడ్డం రాకుండా పదేళ్ళు మెలిగిన మనిషికి, తాను అడ్డం కాగలనని నీళ్ళు చెప్పాయి."

"నువ్వు ఇట్ల రాస్తావని నేను అనుకోనేలేదు" అంది సుగుణ. ఆమె కళ్ళలో నా మీద గౌరవం కనబడింది. నాకు చెంప మీద కొట్టినట్టయింది. నేను రాయలేదని చెప్పాలి. చెబితే, నా పేరు మీద అచ్చయినదాన్ని నేనే చదవలేనని కూడా చెప్పాలి. పత్రిక లాక్కున్నాను.

ఇంటికి వెళ్ళి చిన్నమ్మను జుట్టు పట్టి అడగొచ్చు. దారంతా అదే ఆలోచించాను. అడిగితే ఏమవుతుంది? ఆ చిత్తూరు పిల్లకు చదవడం రాలేదు అంటుంది. పత్రిక చేతిలోకి తీసుకుని, ఇదుగో అని నా మాటలే మళ్ళీ చదివి వినిపిస్తుంది. నడవంతా ఆమె వైపే ఉంటుంది. నేను చూస్తూ నిలబడాలి. అచ్చయిన నా కథకూ నాకూ మధ్య ఆమె నోరు ఒకటే దారి. ఆ దారి నాది కానంతవరకు నేను అడగకూడదు అనుకున్నాను. నాలుక మీద మాటను నెలలపాటు ఆపుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి, చివరిసారి కూడా.

సుగుణకు నిజం చెప్పేశాను. ఆమె నవ్వలేదు. ఒకటో తరగతి పుస్తకం తెప్పించి పెట్టింది. మధ్యాహ్నం ఆమె దగ్గర, సాయంత్రం బస్టాండులో. వేలూరు బస్టాండు నాకు రెండో బడి. చిత్తూరు, తిరుపతి, మదనపల్లె పోయే బస్సుల నొసట్ల మీద తెలుగు ఉండేది. కండక్టర్ ఊరి పేరు అరుస్తాడు, నేను బోర్డు మీద ఆ ఊరిని వెతుక్కుంటాను. ఒక బస్సు ముందు రోజూ నిలబడి పెదవులు కదిలిస్తుంటే కండక్టర్‌కు అనుమానం వచ్చింది. "ఎక్కుతావా, ఎక్కవా అమ్మా? దినామూ వచ్చి బస్సుకు మొక్కుకోని పోతా ఉండావే" అన్నాడు. చదువుకుంటా ఉండాను అన్నాను. ఆయన ఆ రోజునుంచి బస్సు కదిలే ముందు నా వైపు చూసి బోర్డు మీద రెండుసార్లు తట్టేవాడు. ఇంట్లో పాత పత్రికలు పుస్తకాల మధ్య దాచుకుని చదివేదాన్ని. మొదట మాటకు ఒక నిమిషం పట్టేది. చలి తగ్గేసరికి పేజీకి వచ్చాను.

మళ్ళీ విత్తనం కాయలు ఒలిచే రోజులు వచ్చాయి. చిన్నమ్మ పత్రిక తెరవబోతుంటే, నేను నా చాట పక్కకు జరిపి, నా కథ వచ్చిన పాత సంచికను, దాచి ఉంచినదాన్ని, బయటికి తీశాను. ఈ రోజు నేను చదువుతానన్నాను. అమ్మ నవ్వింది. నేను మొదలుపెట్టాను. రాళ్ళ దారిలో బండి పోయినట్టు చదివాను, కానీ చదివాను. కోడలు కాలవలో కూర్చునే చోటికి వచ్చేసరికి కాయలు పగిలే చప్పుడు ఒక్కొక్కటిగా ఆగింది. అత్త గట్టు మీదికి వచ్చి అన్న మాట దాకా వచ్చాను. అవ్వ చేతిలో ఉన్న కాయ చాటలో పడేసి, ఆకు ఉమ్మేసి, "చాలు. మూసిపెట్టు" అంది.

అవ్వ గొంతు అట్లా నేను ఎప్పుడూ వినలేదు. చిన్నమ్మ చేసిన మోసానికి కోపం వచ్చిందనుకున్నాను. గెలిచాననుకున్నాను. చిన్నమ్మ నా వైపు గానీ అవ్వ వైపు గానీ చూడలేదు. తన ఖాళీ చాటను ముందుకు లాక్కుని, కాయలు దోసెడు పోసుకుని, ఒలవడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఆమె ఆ నడవలో మళ్ళీ పత్రిక పట్టలేదు. చదివే పని నాకు వచ్చింది. పిడికెళ్ళు నా చాటలో పడ్డాయి. కొన్నాళ్ళకు అవ్వ నాతో, "నువ్వు చదివితే వేళ్ళు నొప్పి తెలస్తా ఉండాది పాపా. ఆమె చదివితే తెలిసేది కాదు" అంది. ఇప్పటికీ నా పుస్తకాల మీద వచ్చిన సమీక్షల్లో అంతకంటే ఖచ్చితమైనది లేదు.

ఆ సాయంత్రమే పెరట్లో చిన్నమ్మను నిలదీశాను. నా నోటుపుస్తకం ఏదన్నాను. పొయ్యిలో పెట్టేశానంది. నా కథ ఎందుకు మార్చావన్నాను. ఆమె బర్రె ముందు గడ్డి పరుస్తూ, వెనక్కు తిరగకుండా అంది:

"అచ్చులో వచ్చింది కదా పాపా. నీది నువ్వు రాసుకో. ఇప్పుడు చేతనవుతాది కదా."

రాసుకున్నాను. ముసలామె కథను నా అక్షరాలతో, నా మాటలతో, నా ముగింపుతో మళ్ళీ రాసి పంపాను. తిరిగి వచ్చింది. ఇంకో పత్రికకు పంపాను. ఈ యాస పాఠకులకు అర్థం కాదని రాశారు. ఇంకొకరు తమిళం పాలు ఎక్కువైందన్నారు. నా ఇంట్లో మాట్లాడే మాటను తూకం వేయడానికి మీరెవరని జవాబు రాశాను. పెళ్ళయి వేలూరు వచ్చాను, పిల్లలు పుట్టారు, ఉద్యోగం చేశాను, పంపుతూనే ఉన్నాను. స్టాంపులు అంటించిన కవర్లు తిరిగొచ్చేటప్పుడు పోస్ట్‌మాన్ ముఖమే సంపాదకుడి ముఖంలా కనబడేది. మొదటి కథ వేసుకున్న పత్రికాయన ఒకసారి సొంత దస్తూరీతో రెండు ముక్కలు రాశాడు: మీ తొలి కథలో కాలవ గురించి రాసిన ఆ చోటు నాకు గుర్తుంది, దాన్ని రాసిన చేయి ఇందులో కనబడడం లేదు. ఆ ఉత్తరం చింపేశాను. తర్వాత ముక్కలు ఏరి అతికించాను.

అప్పుడు మాత్రమే ఆ ఐదు వాక్యాలను పగ లేకుండా చదివాను. నేను పదిహేను పేజీలు పోట్లాడాను. నా ముసలామె నీళ్ళలో కూర్చుని అన్ని మాటలు మాట్లాడింది, ఆమె చీర తడిసిందని నేను ఒక్కసారి కూడా రాయలేదు. చిన్నమ్మ నోరు మూసుకుని నీళ్ళ వైపు చూసింది. ఎవరు న్యాయమో చెప్పడం కథ కాదని, ఒళ్ళు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉందో చెప్పడం కథ అని నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. ఆ కాగితం చెప్పింది. ఆ తర్వాత రాసిన కథ ఒకటి అచ్చయింది, నా యాసతోనే, ఒక్క మాట మార్చకుండా. మా బంధువులు అంటున్నది ఒక రకంగా నిజమేనని మీరు అనబోతున్నారు. కాదు. నేర్పడం వేరు, దొంగతనంగా రాసి నా పేరు పెట్టడం వేరు. నా కథ మార్చే హక్కు ఆమెకు లేదు. ఇప్పటికీ అదే అంటాను.

నా మొదటి పుస్తకం వేలూరులో విడుదలైన రోజు చిన్నమ్మ వచ్చింది. చివరి వరసలో, తలుపు పక్కన, వచ్చేపోయేవాళ్ళకు అడ్డం లేకుండా కూర్చుంది. ఇచ్చిన మిక్చర్ పొట్లం విప్పకుండా ఇంటికి తీసుకెళ్ళింది. ఎవరో అడిగితే, "మా పాప మొదటినుంచీ మొండిది" అని మాత్రం చెప్పిందట. నేనూ ఆమె ఆ కథ గురించి మళ్ళీ ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఊరంతటితో వాదించే నాకు ఆమెతో మాట్లాడడానికి ముప్పై ఏళ్ళలో నోరు రాలేదు.

ఇప్పుడు ఆ నోటుపుస్తకం నా ముందుంది. అంచులు పసుపెక్కాయి, కానీ ఎక్కడా సెగ తగిలిన గుర్తు లేదు. నా తమిళ అక్షరాల ప్రతి వరస కిందా పెన్సిల్‌తో, సన్నటి తెలుగు అక్షరాల్లో, నా మాటలే. ఒక్కటి కూడా మారలేదు. నా తిట్లు కూడా అట్లాగే ఎత్తి రాసింది. ముసలామె కాలవ మొదట్లోకి దిగే చోటు దాకా. అక్కడ పెన్సిల్ ఆగిపోయింది. మిగతా పేజీల్లో నా వరసల కింద ఖాళీ. మీ అమ్మ రాసినవి ఇంకేమైనా దొరికాయా అని ఇందిరను అడిగాను. ఏమీ లేవంది. గుడ్డలు, రసీదులు, కళ్ళద్దాలు, అంతే. ఊరికే ఉండలేక ఇంకోటి కూడా అడిగాను: మీ అమ్మ ఎందుకు కాలవ దాటేది కాదు? "దాటేది కాదా? నేను చూడలేదే అక్కా" అంది ఇందిర. ఆమె పెద్దదయ్యేసరికి మా పొలంలో కాలవలు పోయి పైపులు వచ్చేశాయి.

అవ్వ లేదు. కలుపు తీసినామె లేదు. ఆమె తొడ గిల్లినామె లేదు. చిన్నాయన ఉన్నాడు కానీ మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. విత్తనం కాయలు ఇప్పుడు అంగడిలో ఒలిచినవే దొరుకుతాయి. మా నడవలో మోటారు బండ్లు పెట్టుకుంటున్నారు. నా మేనకోడళ్ళు తెలుగులో ఏదైనా చెప్పాలంటే ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపుతారు, వాళ్ళకు ఏ అక్షరంతోనూ పని లేదు. నేను ఇది ఫోన్లోనే రాస్తున్నాను. మొదటి అక్షరం నొక్కితే మాట అదే చూపిస్తుంది. ఒక్కో అక్షరానికి ఒక్కో బస్సు ముందు నిలబడిన మనిషికి ఇది కాస్త అవమానంగానే ఉంటుంది, కానీ వేళ్ళకు హాయిగా ఉంటుందని ఒప్పుకుంటాను.

నిన్న పొలానికి వెళ్ళాను. బావి పూడిపోయింది. కాలవ ఉండిన చోట గట్టు గుర్తు మాత్రం మిగిలింది. అక్కడ నిలబడి లెక్క సరిచూసుకున్నాను. నా కథను ఆమె మార్చిందని నేను బతుకంతా అంటూ వచ్చాను. ఆమె కథను ఎత్తుకెళ్ళి ముసలామెకు ఇచ్చింది నేనే అయితే? నడవలో, అవ్వ ముందు, ఆమె చదవలేక నా మాటల్ని కంఠతా అప్పజెప్పిన ఆ అచ్చు పేజీలో, గట్టు మీదికి వచ్చి లెయ్యమన్న అత్త అవ్వే అయితే? మార్చే హక్కు లేదన్న మాట నేను వెనక్కు తీసుకోను. కానీ ముగింపు గురించి నాకు ఒక్క సంగతి తెలియాలి. నా కథలో ఆమె లేవలేదు, తన కథలో లేచింది. గట్టు మీదినుంచి ఆ పిలుపు రాకపోయి ఉంటే, చిన్నమ్మా, నువ్వు ఎంతసేపు కూర్చునేదానివి?